చీటీలో ‘ప్లాక్’ అని రాశారు, భయపడాలా?

ప్రశ్న: నా వయసు 34. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పనికి వెళ్తాను. నడుము దగ్గర, లంగా బొందు కట్టుకునే చోట గుండ్రంగా మచ్చ వచ్చింది. విపరీతమైన దురద. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో తగ్గుతోంది, మానేస్తే ఇంకా పెద్దదై వస్తోంది. రెండు నెలలుగా ఇదే తంతు. అనంతపురంలో స్కిన్ డాక్టరుకు చూపిస్తే చీటీలో ‘యాన్యులార్ ప్లాక్, స్కేలింగ్, ఎక్స్‌కోరియేషన్, కేఓహెచ్ పాజిటివ్’ అని రాశారు. ఫోన్‌లో వెతికితే ప్లాక్ అంటే గుండె రక్తనాళాల్లో పేరుకునేదని వచ్చింది. ఏడేళ్ల మా బాబు బుగ్గ మీది తెల్లమచ్చకు ‘హైపోపిగ్మెంటెడ్ మాక్యూల్’ అని రాశారు. అది బొల్లి అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, రాయదుర్గం

జవాబు: అమ్మా, మీ గుండెకూ ఈ ప్లాక్‌కూ ఏ సంబంధమూ లేదు. మీరు రాసిన మాటల్లో జబ్బు పేరు ఒక్కటి కూడా లేదు. కంటికి ఏం కనిపించింది, చేత్తో తడిమితే ఏం తగిలింది అన్నదే మీ డాక్టరు రాసుకున్నారు. చర్మ వైద్యంలో అందరం ముందు చేసే పని అదే. మచ్చ ఎలా ఉందో చెప్పుకున్నాకే అది ఏ జబ్బో ఆలోచిస్తాం.

మొదట చూసేది మచ్చ చర్మంతో సమంగా ఉందా, ఉబ్బెత్తుగా ఉందా అని. కళ్లు మూసుకుని వేలితో తడిమితే ఎక్కడుందో తెలియకుండా, రంగు తేడా మాత్రమే ఉంటే అది మాక్యూల్. సుమారు ఒక సెంటీమీటరు దాటితే ప్యాచ్ అంటాం. వేలికి ఉబ్బుగా తగిలే చిన్నది పాప్యూల్, సెంటీమీటరు దాటి పరుచుకున్నది ప్లాక్. లోతుగా గడ్డలా తగిలితే నాడ్యూల్. నీరు నిండిన చిన్న పొక్కు వెసికిల్, పెద్ద బొబ్బ బుల్లా, చీము పట్టినది పస్ట్యూల్. దద్దుర్లను వీల్స్ అంటాం. ఇవి ఒకచోట లేచి, సాధారణంగా 24 గంటల్లోపే అక్కడ మాయమై ఇంకోచోట లేస్తాయి. అందుకే దద్దుర్లతో వచ్చినవాళ్లను పెన్నుతో చుట్టూ గీత గీసుకుని మర్నాడు చూడమంటాం.

ఇక మీ చీటీ సంగతి. యాన్యులార్ అంటే ఉంగరంలా గుండ్రంగా ఉండి, అంచు ఉబ్బి, మధ్యలో కాస్త మామూలుగా ఉన్నదని. స్కేలింగ్ అంటే పొట్టు రాలడం. ఎక్స్‌కోరియేషన్ అంటే గోళ్లతో గీరుకున్న గాట్లు, ఈ మాటకున్న భయం అంతకు మించి లేదు. అసలు విషయం చెప్పింది కేఓహెచ్ పరీక్ష. మచ్చ అంచున పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. పాజిటివ్ అంటే ఫంగస్ పోగులు కనిపించాయన్నమాట. అంటే మీది తామర. ఫంగస్ బయటికి పాకుతూ పోతుంది కాబట్టే అంచు చురుగ్గా, మధ్యభాగం మానినట్టుగా కనిపిస్తుంది.

నాకు కోపం తెప్పించేది ఆ ట్యూబు. తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగిందంటే అందులో స్టెరాయిడ్ ఉందనే నా అనుమానం. పేరు కింద సన్న అక్షరాల్లో క్లోబెటాసోల్ అనో, బీటామెథాసోన్ అనో ఉందేమో చూడండి. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణిచేస్తుంది, ఫంగస్‌ను మాత్రం చంపదు. పైగా దానికి అడ్డు లేకుండా చేస్తుంది. పొట్టు తగ్గి, అంచు చెదిరిపోయి, చివరికి డాక్టరు కంటికి కూడా తామరలా కనిపించని స్థితి వస్తుంది. గజ్జల్లో, తొడల మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. అవి పూర్తిగా పోవు. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి వాటికి స్టెరాయిడ్ మంచి మందే, కానీ ఏ మచ్చకు, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పాలి.

మీ డాక్టరు ఇచ్చిన ఫంగస్ క్రీమును మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయండి. మచ్చ కనిపించకుండా పోయాక కూడా, చెప్పినన్నాళ్లూ ఆపకండి. మాత్రలు రాసి ఉంటే, గర్భం గానీ కాలేయ సమస్య గానీ ఉన్న సంగతి ముందే చెప్పండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లకూ ఇప్పుడే వైద్యం చేయించండి, లేకపోతే వాళ్ల నుంచి మీకు మళ్లీ వస్తుంది. తువ్వాలు ఎవరిది వాళ్లకే. బొందు చోటు రోజూ కాస్త మార్చి కట్టుకోండి. చెమటతో తడిసిన బట్టలు పనినుంచి రాగానే మార్చి, ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. మన అనంతపురం జిల్లాలో ఎండకు కొదవా!

బాబు విషయంలో ‘హైపో’ అన్న మాట మీకు ధైర్యమివ్వాలి. రంగు తగ్గిందని అర్థం, పూర్తిగా పోయిందని కాదు. బొల్లిలో సాధారణంగా సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. పిల్లల బుగ్గల మీద పాలిపోయి, కొద్దిగా పొడిబారి, సన్నని పొట్టుతో ఉండేది చాలావరకు పిటిరియాసిస్ ఆల్బా. ఎండలో ఆడితే చుట్టూ చర్మం నల్లబడి మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. క్యాల్షియం తక్కువై వచ్చిందనో, కడుపులో పురుగులనో పెద్దవాళ్లు అంటుంటారు, రెండూ కాదు. స్నానం కాగానే మాయిశ్చరైజర్ రాస్తే చాలు, రంగు రావడానికి నెలలు పడుతుంది. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ ఉందో లేదో మాత్రం డాక్టరుతో ఒకసారి చూపించండి, దూదిపోగు తాకించి చూస్తారు. స్పర్శ లేకపోతే కుష్టు ఉందేమో చూడాలి. అప్పుడు కూడా కంగారు వద్దు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, జబ్బు నయమవుతుంది.

పుస్తకాల్లోని బొమ్మల్లో మచ్చలు గులాబీ రంగులో ఉంటాయి. మన చామనఛాయ ఒంటి మీద అదే ఎరుపు ముదురు గోధుమ రంగులోనో, ఊదా రంగులోనో కనిపిస్తుంది. కాబట్టి ఫోన్‌లో బొమ్మలతో పోల్చుకుని ‘మాది ఇది కాదు’ అనుకోవద్దు.

కొత్త మాత్ర ఏదైనా వేసుకున్నాక ఒళ్లంతా మచ్చలు లేచి, జ్వరం వచ్చి, నోట్లో పుండ్లు పడినా, చర్మం ఊడుతున్నా ఆ మాత్ర ఆపి అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పాత ట్యూబును అట్టపెట్టెతో సహా తీసుకెళ్లండి. ఎన్నాళ్లు రాశారో దాచకుండా చెప్పండి.