లింకులు ఇచ్చిపుచ్చుకునే బృందంలో చేరితే గూగుల్‌లో పైకి వస్తామా?

ఆత్రేయపురం నుంచి పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్న మీరు అడిగింది ఇదీ: ముప్పై వెబ్‌సైట్లున్న ఒక బృందంలో నెలనెలా రుసుము కట్టి చేరితే, వాళ్లందరూ మీకు లింకు ఇస్తారు, మీరూ వాళ్లందరికీ ఇవ్వాలి. దీనివల్ల ర్యాంకు, గిరాకీ పెరుగుతాయా అని.

చేరకండి. కడియం వైపు నర్సరీలకు వెబ్‌సైట్లు చూసిపెట్టడం నా పని కాబట్టి, ఇలాంటి లింకులు చేసే నష్టాన్ని దగ్గరుండి చూశాను.

లింకులకు విలువ ఉన్న మాట నిజం. 1998లో గూగుల్ మొదలైందే ఆ ఆలోచనతో. ఒక పేజీ మరో పేజీకి లింకు ఇస్తే దాన్ని సిఫారసుగా లెక్కగట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతిని లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో రూపొందించారు. సిఫారసులకు విలువ వచ్చాక వాటిని అమ్మేవాళ్లూ వచ్చారు. వాళ్లను అడ్డుకోవడానికి గూగుల్ 2012 ఏప్రిల్‌లో వెతుకులాట ఫలితాలను వరుసపెట్టే పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది, 2016లో దాన్ని ప్రధాన వ్యవస్థలోనే కలిపేసింది. 2022 డిసెంబరు నుంచి లింకులు కొనే సైట్లనే కాదు, లింకులు పంచడానికి వాడుకునే సైట్లనూ స్పామ్‌బ్రెయిన్ అనే వ్యవస్థతో పట్టుకుంటోంది. ముప్పై సైట్లు ఒకదానికొకటి లింకులు ఇచ్చుకుంటే ఆ అల్లిక యంత్రానికి ఇట్టే కనిపిస్తుంది. చాలాసార్లు శిక్ష కూడా ఉండదు, ఆ లింకులను లెక్కలోకి తీసుకోవడం మానేస్తారంతే. మీరు కట్టే డబ్బు మాత్రం పోతూనే ఉంటుంది.

శిక్ష పడితే ఎలా ఉంటుందో చెబుతాను. కడియపులంకలో ఒక నర్సరీ వెబ్‌సైటు నా చేతికి వచ్చేనాటికి, అంతకుముందు చూసిన సంస్థ ఇలాంటి లింకులు బోలెడు పెట్టించి ఉంది. సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో యజమానికి చూపే గూగుల్ సాధనం సెర్చ్ కన్సోల్‌లో లింకుల నివేదిక తెరిస్తే జూదం సైట్లు, అప్పులిచ్చే యాప్‌ల సైట్లు, ఎవరూ చదవని వార్తా పేజీలు వరుసగా కనిపించాయి. అన్నిట్లోనూ అక్షరం తేడా లేకుండా ‘టోకు ధరకు మొక్కలు’ అన్న మాటకే లింకు. అప్పు కోసం వెతుక్కుంటున్న మనిషి కొబ్బరి మొక్కల లింకు ఎందుకు నొక్కుతాడు? నొక్కలేదు కూడా. సందర్శకుల లెక్కల్లో ఆ లింకుల ద్వారా వచ్చినవాళ్లు దాదాపు లేరు.

ఆ తరువాత అసహజ లింకులున్నాయని గూగుల్ నోటీసు వచ్చింది. అది తొలకరికి ముందు, ఆర్డర్లు వచ్చే కాలం. నర్సరీ పేరు తెలిసి వెతికినవాళ్లకు తప్ప సైటు కనిపించకుండా పోయింది. లింకులు తీసేయమని ఆ సైట్ల వాళ్లకు రాస్తే, తీయడానికి డబ్బు అడిగినవాళ్లున్నారు! తీయించలేకపోయినవాటిని డిసవౌ జాబితాలో, అంటే వీటిని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు ఇచ్చే జాబితాలో పెట్టి, పునఃపరిశీలన కోరితే నోటీసు తొలగింది. పాత ర్యాంకు మాత్రం తిరిగి రాలేదు. ఆ ర్యాంకును నిలబెట్టినవి ఆ లింకులే, వాటితోపాటే అదీ పోయింది. యజమాని ఎంత బాధపడ్డారో చూశాను కాబట్టే మీకింత గట్టిగా చెబుతున్నాను.

ఆ సైటును మళ్లీ నిలబెట్టింది ఒకే ఒక్క పేజీ. దూరప్రాంతాలకు లారీలో పంపే చెట్టు వేళ్ల చుట్టూ మట్టిముద్ద చెదరకుండా గోనెపట్టా ఎలా కడతారో ఫొటోలతో వివరించాం. బెంగళూరులో తోటలు వేసే గుత్తేదారు ఒకరు దాన్ని తన సైటులో ప్రస్తావించి లింకు ఇచ్చారు. ఆ లింకు పట్టుకుని వచ్చినవాళ్లు ఫోన్లు చేశారు, మొక్కలు కొన్నారు.

అలాగని ఒకరికొకరు లింకు ఇచ్చుకోవడమే తప్పు కాదు. గూగుల్ అభ్యంతరమంతా ర్యాంకు కోసం అతిగా చేసే మార్పిడి మీదే. పాపికొండల పడవ ప్రయాణాలు నడిపేవాళ్లు, దిండిలో బస ఏర్పాటు చేసేవాళ్లు తమ అతిథులకు మీ దుకాణం గురించి చెబితే అది అసలైన సిఫారసు, ఎందుకంటే ఆ లింకు నొక్కే మనుషులున్నారు. మీరూ వాళ్ల గురించి నిరభ్యంతరంగా రాయవచ్చు. డబ్బిచ్చి ప్రకటన వేయించుకుంటే మాత్రం అది డబ్బిచ్చి పెట్టించిన లింకని గూగుల్‌కు తెలిసేలా దాని కోడులో ‘స్పాన్సర్డ్’ అన్న గుర్తు పెట్టించండి. ర్యాంకు పెరగదు గానీ కొనేవాళ్లు రావచ్చు.

మీ దగ్గర నర్సరీ కంటే మంచి సరుకుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట, పలుచటి పిండిలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్కసారి లాగడం, క్షణంలో రేకు లేవడం. ఇది వీడియో తీసి, రేకు తీసే ఆమె మాటల్లోనే వివరం రాసి పెట్టండి. బెల్లంవి ఎన్నాళ్లు నిలుస్తాయి, విరగకుండా ఎలా కట్టి పంపుతారు అన్నవీ చెప్పండి. వంటల గురించి రాసేవాళ్లకు చూపించుకోవడానికి అలాంటి పేజీ కావాలి.

ఇప్పటికే చేరి ఉంటే, ముందు మీ సైటులోంచి వాళ్ల లింకులు తీసేయండి. నోటీసు ఏమీ రాకపోతే డిసవౌ జోలికి వెళ్లకండి, పనికొచ్చే లింకులు కూడా పొరపాటున అందులో పడిపోతాయి.