టేకు మంచం అత్యవసర నిధి కాదు

ప్రశ్న: నాకు నెలకు చేతికొచ్చేది రూ.48,000. ఇంటి ఖర్చు రూ.34,000. బ్యాంకులో రూ.41,000 ఉన్నాయి. వచ్చే ఆదివారం హైదరాబాద్‌లో పాత సామాన్ల హర్రాజులో టేకు మంచం, బీరువా, ఆరు కుర్చీల డైనింగ్ టేబుల్ వస్తున్నాయి. రూ.60,000 దాకా పాడదామనుకుంటున్నాను. క్రెడిట్ కార్డుపై నగదు తీయాలా, బంగారం కుదువ పెట్టాలా? టేకు కాబట్టి ఎప్పుడైనా అమ్ముకోవచ్చు కదా.
- ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: చిక్కంతా మీ ఆఖరి మాటలోనే ఉంది. ‘ఎప్పుడైనా అమ్ముకోవచ్చు’ అని ఊరి బయట ప్లాటు కొన్నవారూ అంటారు, టేకు కొన్నవారూ అంటారు. రాత్రి పదకొండింటికి ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమంటే బీరువా ఏం ఆదుకుంటుంది? పాత సామాన్ల వ్యాపారి తన బండి కిరాయి, పాలిష్, లాభం తీసేసుకునే ధర చెబుతాడు. మీరు అవసరంలో ఉన్నారని పసిగడితే ఇంకా కోస్తాడు.

మీ దగ్గరున్నది నెల మీద ఆరు రోజుల ఖర్చు. ఉండాల్సింది కనీసం ఆరు నెలలది, అంటే రూ.2,04,000. నెలనెలా మిగిలే రూ.14,000 కదపకుండా పక్కన పెడితే ఏడాదిలో అక్కడికి చేరతారు. జీతం పడే ఖాతాలో మాత్రం ఉంచకండి, కరిగిపోతుంది. ఎఫ్‌డీలు రూ.25,000 చొప్పున విడివిడిగా వేయండి. ఒకటి తీసినా మిగతావాటి వడ్డీ చెడదు.

కార్డుపై నగదు ఆలోచన ఇక్కడితో వదిలేయండి. రూ.60,000కు 2.5% రుసుము, దానిపై జీఎస్టీ కలిపి రూ.1,770. తీసిన రోజు నుంచే వడ్డీ. నెలకు 3.5% అయితే పన్నుతో రూ.2,478. అసలు అలాగే ఉంటే ఏడాదికి దాదాపు రూ.30,000 వడ్డీకే పోతుంది. బంగారంపై వడ్డీ తక్కువే. కానీ మీ ఇంట్లో గంటల్లో డబ్బయ్యేది అదొక్కటే. మంచం కోసం దాన్ని తాకట్టులో పెడితే నిజంగా అవసరం వచ్చిన రోజు ఏం పెడతారు?

ఆరోగ్య బీమా ఊసే లేదు. కంపెనీ పాలసీ ఒక్కటే ఉంటే విడిగా ఇంకొకటి తీసుకోండి.

పాట రూ.60,000 దగ్గర ముగిసినా ఖర్చు అక్కడ ఆగదు. నిర్వాహకుల కమీషన్ 10% అనుకుంటే రూ.6,000. వరంగల్‌కు బండి, హమాలీ రూ.7,000, వడ్రంగి పని, పాలిష్ రూ.12,000 వేసుకున్నా మొత్తం రూ.85,000. పన్ను ఉంటే అది వేరు. గడువులోగా సామాను తీసుకెళ్లకపోతే ధరావతు పోవచ్చు, గోడౌన్ అద్దె పడొచ్చు. షరతుల కాగితం ముందే చదవండి.

నిధి నిండాక, నెల మిగులు పోగేసుకున్న సొమ్ముతోనే వెళ్లండి, ఒక్క వస్తువుకే పాడండి. పాట ముందురోజు సామాను చూడనిస్తే తప్పక చూడాలి, ఎందుకంటే ‘ఉన్నది ఉన్నట్టు’ అమ్మకంలో తర్వాత అడగడానికి ఉండదు. సొరుగు పూర్తిగా బయటికి లాగి అడుగు భాగం, వెనక పలక చూడండి. ముందు టేకు, వెనక ప్లైవుడ్ ఉండటం మామూలే. సన్నటి రంధ్రాల కింద పిండిలాంటి పొట్టు రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. కొత్తగా మెరిసే పాలిష్‌ను అనుమానించండి, పగుళ్లకు లప్పం పెట్టి ఉంటారు. కుర్చీని మూలకు వంచితే కూసాలు కదులుతున్నాయో తెలుస్తుంది. టేపు కూడా పట్టుకెళ్లండి. పాత మంచాలకు 72×60, 75×60, 78×60 అంగుళాల రెడీమేడ్ పరుపులు పట్టకపోతే ఆర్డరిచ్చి కుట్టించుకోవాలి.