పాత నారింజ రంగు టైల్స్, పింగాణీ పళ్లాల్లో యురేనియం ఎందుకు ఉండేది? ప్రమాదమా?

కేవలం రంగు కోసమే. 1789లో యురేనియాన్ని గుర్తించిన తరువాత చాలాకాలం దాని ముఖ్యమైన ఉపయోగం గాజుకూ, పింగాణీ మెరుపుపూతకూ రంగునివ్వడమే. సీసం ఎక్కువగా ఉన్న పూతలో యురేనియం ఆక్సైడ్ కలిపి, గాలి బాగా ఆడే బట్టీలో కాలిస్తే నారింజ, ఎరుపు రంగులు వస్తాయి. పూత మిశ్రమం మారిస్తే పసుపు, ఆక్సిజన్ అందకుండా కాలిస్తే నలుపు. ఒకే పదార్థం ఇన్ని వేషాలు వేస్తుంటే తయారీదారులు ఎందుకు వదులుకుంటారు?

అమెరికాలో 1936లో వచ్చిన ఫియెస్టా పాత్రల ఎరుపు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో యురేనియం ప్రభుత్వ నియంత్రణలోకి వెళ్లడంతో ఆ రంగు ఆగిపోయింది. 1959లో తిరిగి వచ్చినప్పుడు వాడింది రేడియోధార్మికత కొంత తక్కువగా ఉండే క్షీణ యురేనియం. 1972లో అదీ ముగిసింది.

గోడకున్న టైలు గురించి భయపడనక్కరలేదు. యురేనియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలు కొన్ని సెంటీమీటర్ల గాలిలోనే ఆగిపోతాయి. దాని నుంచే వచ్చే బీటా కణాల వల్ల గైగర్ కౌంటర్ (రేడియోధార్మికతను పసిగట్టే పరికరం) గట్టిగానే మోగుతుంది, కానీ కాస్త దూరం జరిగితే మనకు తగిలే రేడియేషన్ మోతాదు బాగా పడిపోతుంది. టైలును కోయడం, అరగదీయడం మాత్రం వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇక పాత పళ్లాల్లో తినకపోవడమే మంచిది. పుల్లని పదార్థాలు పూతలోని యురేనియాన్నీ, సీసాన్నీ లాగేస్తాయి. నన్నడిగితే సీసమే పెద్ద చిక్కు.

రంగు చూసి యురేనియం ఉందని తేల్చేయకండి. కాడ్మియం, సెలీనియం కలిసిన ఎరుపు కూడా అచ్చం అలాగే ఉంటుంది.