కొండపక్క ఇంట్లో వేసవి: నిప్పు కన్నా పొగకు ముందు సిద్ధపడండి

ఉద్యోగరీత్యా ఒడిశాలోని రాయగడకు మారి కొండ అడుగున ఇల్లు అద్దెకు తీసుకున్నామని, మీ అమ్మగారికి ఉబ్బసం ఉందని, ఎండాకాలంలో అడవి అంటుకుంటుందని ఇరుగుపొరుగువారు చెబుతున్నారని, అక్కడ ఉండవచ్చా అని మీరు అడిగారు. ఉండవచ్చు. ఇదే ఊళ్లో, కొండవాలు ఎదురుగా కనిపించే ఇంట్లో మేము పదిహేడు వేసవులు గడిపాము. మా అనుభవంలో నిప్పు పెరటిదాకా వచ్చింది ఒక్కసారే, పొగ మాత్రం ఏటా వచ్చింది.

ఫిబ్రవరి నుంచి ఆకు రాలి అడుగున మందంగా పేరుకుంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. ఆ పువ్వు ఎండుటాకుల్లో కలిసిపోకుండా కనబడాలని చెట్టు కింద చెత్తను కాలుస్తారు. తునికాకు (ఇక్కడ కెందు ఆకు అంటారు) లేత చిగురు బాగా వేస్తుందని పొదలకు నిప్పు పెట్టేవారూ ఉన్నారు. పోడు కొట్టినచోట ఎండిన కొమ్మలను వానలకు ముందు తగలబెడతారు. ఇవన్నీ కొండవాళ్ల బతుకుతెరువులు కనుక వారిని దోషులుగా చూడడం నాకు సమ్మతం కాదు, కానీ ఒక్క పూట ఏమరుపాటు చాలు, మంట అడవిలోకి పోతుంది. అది ఎక్కువగా నేల మీది ఆకును పట్టుకునే పాకుతుంది. రాత్రి మేడ మీద నుంచి చూస్తే కొండ నడుముకు ఎర్రని గొలుసు చుట్టినట్టు ఉంటుంది, వెదురు అంటుకుంటే కణుపులు పేలే చప్పుడు ఇంట్లోకి వినబడుతుంది. వాలు మీద మంట పైకి వేగంగా ఎక్కుతుంది, కిందికి నెమ్మదిగా దిగుతుంది. కొండ అడుగున ఉన్న మీ ఇంటికి అది కొంత మేలు.

పొగ తీరు వేరు. పగటి ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది కాబట్టి మధ్యాహ్నానికి పొగ పలచబడుతుంది. రాత్రి కొండ మీది చల్లగాలి లోయలోకి జారుతుంది, దానిపైన వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది, పొగంతా ఆ మూత కింద చిక్కుకుంటుంది. తెల్లవారుజాము నుంచి ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల వరకు అందుకే ఊపిరాడదు. మొదటి వేసవిలో మాకు ఈ సంగతి తెలియదు. చల్లదనం కోసం రాత్రంతా కిటికీలు తెరిచి, ఒకదానికి కూలర్ బిగించి, మిగిలినవాటికి తడి దుప్పట్లు కట్టి పడుకున్నాము. తెల్లవారుజామున నాలుగింటికి మా అత్తగారికి ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించవలసి వచ్చింది. కూలర్ బయటి గాలినే లాగి ఇంట్లోకి తోస్తుందని, పొగలో అసలు ప్రమాదం 2.5 మైక్రాన్లకన్నా చిన్న కణాలదని, వాటిని తడిబట్ట గానీ కూలర్ గడ్డి గానీ నమ్మదగినంతగా ఆపలేవని డాక్టరుగారు వివరించారు. తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. దానితో పోల్చుకుంటే ఆ కణాలు ఊపిరితిత్తుల లోతులదాకా ఎలా పోతాయో అర్థమవుతుంది.

ఇల్లంతా కాపాడుకోవడం సాధ్యం కాదు, ఒక్క గదిని కాపాడుకోండి. చిన్న గదిని ఎంచుకుని తలుపు కింద పాత చీర మడిచి పెట్టండి, కిటికీ సందులకు టేపు వేయండి. కొనగలిగితే సన్నని కణాలను పట్టే హెపా ఫిల్టర్ ఉన్న గాలిశుద్ధి యంత్రం పెట్టండి. స్ప్లిట్ ఏసీ ప్రధానంగా గదిలోని గాలినే తిప్పుతుంది కనుక కూలర్ కన్నా నయం. పొగ ఉన్న రోజుల్లో అగరొత్తులు, దోమల చుట్టలు వెలిగించవద్దు. అయితే ఏప్రిల్ ఎండలో మూసిన గది వృద్ధులకు వడదెబ్బ తెప్పించగలదు. అందుకే పొగ పలచబడిన మధ్యాహ్నం వేళ ఆ గదిని తెరిచి గాలి మార్చండి, గది మరీ వేడెక్కితే వారిని చల్లని చోటికి తరలించండి. అమ్మగారికి ఉదయపు నడక అలవాటు ఉంటే పొగ ఉండే నెలల్లో సాయంత్రానికి మార్చండి. బయటికి వెళ్లినప్పుడు ముఖానికి తువ్వాలు కట్టుకోవడం చాలదు, అంచులు బిగుతుగా ఆనే ఎన్95 మాస్కు కావాలి. జనవరిలోనే డాక్టరును కలిసి, రోజూ వాడే ఇన్‌హేలర్, ఆయాసం వచ్చినప్పుడు వాడేది, రెండింటి మోతాదు రాయించుకోండి.

నిప్పు విషయం క్లుప్తంగా చెబుతాను. పెరటి కంచె దాటి పది మీటర్ల వరకు ఎండుగడ్డి, ఆకు లేకుండా ఊడ్చండి, ఊడ్చినదాన్ని కాల్చకుండా గోతిలో వేయండి. మా పెరట్లోకి మంట వచ్చిన ఏడాది గోడకు ఆనించిన కట్టెల మోపే దానికి దారి చూపింది, ఇరుగుపొరుగువారు పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పారు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాలు గుర్తించిన మంటల సమాచారాన్ని, పేరు నమోదు చేసుకున్నవారికి ఫోనుకు పంపుతుంది. మీరూ నమోదు చేసుకోండి.

పొగ విడవకుండా వారం పాటు నిలిచిపోయే రోజులూ ఉంటాయి. అలాంటప్పుడు మేము అత్తగారిని రైలెక్కించి విజయనగరంలోని మా ఆడపడుచు ఇంటికి పంపేవాళ్లము. మీకూ అలాంటి ఇల్లు ఒకటి ఉంటే మార్చి రాకముందే వారితో మాట్లాడి పెట్టుకోండి. ఇన్‌హేలర్ వాడినా ఆయాసం తగ్గకపోతే, మాట తడబడినా, పెదవులు నీలంగా మారినా, తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.