చిన్న దేశం ఏ సైనిక కూటమిలోనూ చేరకుండా తటస్థంగా ఉండటం మంచిదేనా?

మంచిదే, కానీ తన కాపలా తాను కాసుకోగలిగితేనే. ‘ఎవరి జోలికీ పోం’ అన్నంత మాత్రాన ఎవరూ ఆగరు.

బెల్జియం తటస్థతకు 1839 లండన్ ఒప్పందంలో ప్రష్యాతో సహా పెద్ద రాజ్యాలన్నీ హామీ ఇచ్చాయి. అయినా 1914 ఆగస్టులో, ఫ్రాన్సు మీదికి దారి కోసం జర్మనీ సేనలు అందులోంచే నడిచాయి. 1940లో మళ్లీ అదే. పాపం, ఆ దేశం ఉన్నదే దారిలో. స్విట్జర్లాండ్‌కు ఆల్ప్స్ కొండలు అడ్డం, మగవాళ్లందరికీ సైనిక సేవ తప్పనిసరి. దాని మీదికి పోవడం ఖరీదైన పని. రష్యాతో పొడవైన సరిహద్దున్న ఫిన్లాండ్ మాత్రం, ఉక్రెయిన్ మీద దాడి చూశాక 2023లో నాటోలో చేరింది.

అలాగని పెద్దవాడి అండ చేరితే గట్టెక్కినట్టు కూడా కాదు. మాది బొబ్బిలి. 1757లో విజయనగరం రాజు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల్ని వెంటబెట్టుకొచ్చి మా కోటను నేలమట్టం చేశాడు. రోజులు తిరక్కుండానే తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. తర్వాత అదే విజయనగరం సంస్థానం ఇంగ్లీషు కంపెనీ నీడకు చేరింది. 1794లో పద్మనాభం దగ్గర ఆ కంపెనీ సేనలే అక్కడి రాజును చంపాయి.

అందుకే నేనైతే ముందు పటం చూస్తాను: ఆ దేశం ఎవరి దారిలో ఉంది?