రీనార్మలైజేషన్ గ్రూప్ నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి: ఫీల్డ్ థియరీతోనా, ఐసింగ్ మోడల్‌తోనా?

ఫీల్డ్ థియరీలో అనంతాలను వదిలించుకునే రీనార్మలైజేషన్, స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో స్పిన్లను (పైకో కిందికో చూసే చిట్టి అయస్కాంతాలను) తగ్గించుకుంటూ పోయే పద్ధతి ఒకటేనా, దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. ఒకటే. పక్కపక్క స్పిన్ల మధ్య మాత్రమే బంధం ఉండే ఐసింగ్ మోడల్‌తో మొదలుపెట్టండి, అదీ కాగితం మీద.

నేను ఫీల్డ్ థియరీ వైపు నుంచి వెళ్లి ఏడాది పైనే పోగొట్టుకున్నాను. లూప్ ఇంటిగ్రల్స్ (ఆ అనంతాలు వచ్చే లెక్కలు) చేశాను, బీటా ఫంక్షన్ రాబట్టాను, మార్కులూ వచ్చాయి. అది ఏం చెబుతోందని ఎవరైనా అడిగితే మాత్రం నీళ్లు నమిలేవాణ్ని.

ముందు ఒకే వరుసలో ఉన్న స్పిన్లను తీసుకోండి. బంధం బలాన్ని ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేది కె అనుకుందాం (బోల్ట్జ్‌మన్ స్థిరాంకం అందులోనే కలుపుకోండి). ఒకటి విడిచి ఒకటి చొప్పున స్పిన్ల అన్ని స్థితుల మీదా కూడేసి వాటిని తీసేస్తే, మిగిలినవాటి మధ్య అదే రూపంలో కొత్త కె వస్తుంది. కొత్త కె టాన్‌హెచ్ (హైపర్బాలిక్ టాంజెంట్), పాత కె టాన్‌హెచ్‌కు వర్గం. కె 1తో మొదలుపెడితే 0.66, 0.35, 0.11, 0.01. సున్నాకి జారిపోతోంది. అంటే సున్నా కాని ఏ ఉష్ణోగ్రత దగ్గరా ఈ వరుస అయస్కాంతం కాదు. పది నిమిషాల పని.

అసలు పాఠం రెండు డైమెన్షన్లలో ఉంది. చదరంగం బల్ల మీద నల్లగళ్ల స్పిన్లను తీసేయండి. తీసేసిన ప్రతి స్పిన్‌కీ నాలుగు పొరుగు స్పిన్లు. ఇప్పుడు ఆ నాలుగింటిలో పక్కపక్కవాటి మధ్యే కాదు, ఎదురెదురువాటి మధ్య కూడా బంధం పుడుతుంది, నాలుగూ కలిసిన బంధం ఇంకొకటి. నేనేం చేశానంటే, చిరాకేసి ఆ రెండూ కొట్టేశాను. కొత్త కె = లాగ్ కాష్ (హైపర్బాలిక్ కొసైన్) 4కె లో నాలుగో వంతు అని తేలింది. ఇది ఎప్పుడూ పాత కె కంటే తక్కువే, కాబట్టి మళ్లీ సున్నాకే! కానీ ఆన్సాగర్ 1944లోనే కచ్చితంగా సాధించి చూపించాడు, ఈ రెండు డైమెన్షన్ల మోడల్‌కి కె 0.4407 దగ్గర ఫేజ్ ట్రాన్సిషన్ (అయస్కాంతంగా మారే చోటు) ఉందని. ఎక్కడో గుర్తు తప్పు పడిందని రెండు రోజులు వెతికాను. లెక్క తప్పలేదు, కొట్టేసిన పదాల్లోనే ఉంది సంగతంతా.

ఎదురెదురు బంధాన్ని పక్క బంధానికి కలిపేయమని మా గైడ్ చెప్పారు. మారిస్, కడనాఫ్ 1978లో పాఠం చెప్పడానికని రాసిన పేపర్లోని ఉపాయం ఇది. నాలుగో వంతు కాస్తా ఎనిమిదింట మూడు వంతులవుతుంది. అంతే, 0.507 దగ్గర ఫిక్స్‌డ్ పాయింట్ (కె మారకుండా నిలిచే విలువ, అదే ట్రాన్సిషన్ చోటు) వచ్చి కూర్చుంది. అంతకంటే కాస్త ఎక్కువతో మొదలుపెడితే కె పెరిగిపోతుంది, తక్కువతో అయితే తగ్గిపోతుంది. అక్కడి నుంచి ఎంత వేగంగా దూరం జరుగుతుందో చూస్తే కోరిలేషన్ లెంగ్త్ ఎక్స్‌పొనెంట్ (స్పిన్లు ఒకదాని మాట ఒకటి వినే దూరం ట్రాన్సిషన్ దగ్గర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే ఘాతం) 0.93 వస్తుంది, అసలు విలువ 1. ఇంత మోటు లెక్కకి అది ఎక్కువే. (గ్రూప్ అన్న పేరు గురించి బుర్ర బద్దలు కొట్టుకోకండి. తీసేసిన స్పిన్లను వెనక్కి తేలేం, విలోమం లేనిది గ్రూప్ ఎలా అవుతుంది?)

ఇక ఫీల్డ్ థియరీ. స్పిన్లు తీసేసినట్టే అక్కడ ఎక్కువ ఎనర్జీ ఉన్న మోడ్స్ (ఫీల్డ్ కంపనాలు) తీసేస్తాం, కప్లింగ్ (మన కె లాంటి బంధం బలం) మారుతుంది. విద్యుదయస్కాంత కప్లింగ్ తక్కువ ఎనర్జీ దగ్గర 1/137, జడ్ బోసాన్ ద్రవ్యరాశి దగ్గర సుమారు 1/128. నేను చిరాకుపడి కొట్టేసినలాంటి కొత్త పదాలు ఇక్కడా పుడతాయి. వాటిలో చాలావరకు తక్కువ ఎనర్జీకి వచ్చేకొద్దీ వాటంతటవే చచ్చిపోతాయని కెన్నెత్ విల్సన్ 1971 నుంచి రాసిన పేపర్లతో స్పష్టమైంది, 1982 నోబెల్ అందుకే. ద్రవం, ఆవిరి తేడా చెరిగిపోయే క్రిటికల్ పాయింట్‌కీ, స్పిన్లు ఒకే అక్షం వెంట అటో ఇటో చూసే అయస్కాంతానికీ అవే ఎక్స్‌పొనెంట్లు రావడం కూడా అందువల్లే. నా బీటా ఫంక్షన్ చెబుతూ వచ్చిందీ ఇదే: స్కేల్ మార్చితే కప్లింగ్ ఎటు కదులుతుందో. నాకది చదరంగం బల్ల లెక్క తర్వాతే కనిపించింది.

ఈ రెండు లెక్కలూ చేతితో అయ్యాక విల్సన్, ఫిషర్ 1972 ఎప్సిలాన్ ఎక్స్‌పాన్షన్‌కి (డైమెన్షన్లు నాలుగుకి ఎంత తక్కువో ఆ తేడాలో విస్తరించే పద్ధతికి) వెళ్లండి, లూప్ ఇంటిగ్రల్స్ అక్కడ ఎలాగూ ఎదురవుతాయి. నాలుగు స్పిన్ల పదం గుణకం దగ్గర ఆగిపోతే ఇక్కడే అడగండి. నేనూ అక్కడే రెండుసార్లు తప్పు చేశాను.