ఆరుబయట బోర్డుకు సబ్లిమేషన్ ఎంతవరకు?

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

హీట్ ప్రెస్ కొన్నావనీ, కప్పులతో, టీషర్టులతో పాటు ఇళ్ల నేమ్ ప్లేట్లు, దుకాణాల బోర్డులు కూడా దానిమీదే చేసివ్వాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. కప్పులకు ఢోకా లేదు. బోర్డులు ఒప్పుకునే ముందు మాత్రం కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

సబ్లిమేషన్ అనే ఈ ముద్రణలో హీట్ ప్రెస్ ఇచ్చే దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వేడికి కాగితం మీది రంగు ఆవిరై, అల్యూమినియం రేకుపై ఉండే పాలిమర్ పూతలోకి దిగుతుంది. అందుకే అది గోటితో గీకినా లేవదు, వానకు కడుక్కుపోదు. ఆ గట్టితనం చూసి ఎండకూ తట్టుకుంటుందని చాలామంది పొరబడతారు. పిగ్మెంట్ ఇంకులో రంగు రేణువులుగా ఉంటుంది కనుక పైనున్న అణువులు చెడినా లోపలివి కొంతకాలం నిలుస్తాయి. సబ్లిమేషన్‌లో అణువులు పూతలో విడివిడిగా పరచుకొని ఉండటంతో అతినీలలోహిత కిరణాలకు తేలికగా చిక్కుతాయి. నలుపు కూడా సాధారణంగా కొన్ని రంగుల కలయికే కాబట్టి, అందులో ఒకటి ముందుగా వెలిసిపోతే అక్షరాలు మరో ఛాయకు తిరుగుతాయి. ఎండలో ఉన్న పాత ప్లేటు ఎక్కడైనా దొరికితే స్క్రూ విప్పి చూడు: దాని తల కింద మిగిలిన గుండ్రటి మచ్చ అసలు రంగేమిటో చెబుతుంది.

ఆర్డరు తీసుకునేటప్పుడు గోడ ఎటువైపుందో, పైన సన్‌షేడ్ ఉందో లేదో అడుగు. వరండా లోపలి ప్లేటుకు సబ్లిమేషన్ బాగానే సరిపోతుంది. పడమటి ఎండ నేరుగా పడే గోడకు మామూలు రేకు ఇవ్వవద్దు; బయటి వాడకానికని ప్రత్యేక పూతతో వచ్చే రేకు వాడు, లేదా పిగ్మెంట్ ఇంకుతో వినైల్ (ప్లాస్టిక్ స్టిక్కరు) మీద ముద్రించి, పైన యూవీ లామినేషన్ (అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పారదర్శక పొర) వేయించి, ఏసీపీ షీటుకు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలకకు) అతికించి ఇవ్వు. చెక్కిన గ్రానైట్ పలకకు ఈ బాధ అసలే లేదు. నీకు గిట్టుబాటు కాకపోయినా ఆ మాట కూడా చెప్పు. షోరూం అద్దం వెనుక పెడితే భయం లేదని కొందరంటారు, కానీ మామూలు అద్దం అతినీలలోహిత కిరణాలలో కొంత భాగాన్నే ఆపుతుంది. హార్డ్‌బోర్డు పలకలనైతే వాన తగిలే చోట పెట్టనే వద్దు, అంచుల నుంచి నీరు పీల్చి ఉబ్బుతాయి.

నీ ఇంకుతో, నీ రేకు మీద అన్ని రంగుల పట్టీలు ముద్రించి, సగం మందపాటి రేకుతో కప్పి, వెనుక తేదీ రాసి, వేసవికి ముందే డాబా మీద బిగించు. నెలకోసారి ఆ కప్పిన రేకు తీసి రెండు సగాలనూ పోల్చు. ఆ ఫలితం చేతికి వచ్చేదాకా ఎవరికీ ఇన్నేళ్లని నోటిమాట ఇవ్వకుండా, బిల్లు మీద "నీడ ఉన్న చోటుకు మాత్రమే" అని రాసి సంతకం తీసుకో.

ఇట్లు,
నీ మేనమామ